బొట్టు పడని పదకొండు వరసలు: మా గుండిగల అత్త పుస్తకం చదవడానికి సాయం కావాలి

మహేంద్రతనయ | ఆదివారం, రాత్రి 9:12

మందస, హరిపురం, పలాస వైపు వాళ్ళు ఈ వేదికలో చాలామందే ఉన్నారని తెలుసు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

మా మేనత్త పోయిన నెలలో పోయింది. డెబ్బై నాలుగేళ్ళు. మధ్యాహ్నం గంజి తాగి, అరుగు మీద కొంగు పరుచుకుని పడుకుంది. లేవలేదు. ఆవిడ అసలు పేరు చెబితే పక్కూరి వాళ్ళకి కూడా తెలీదు. గుండిగల అత్త అంటే మాత్రం దారి చూపించేవారు. పెళ్ళి, పెద్దదినం, అమ్మవారి సంబరం, ఏదైనా సరే, ఇరవై మందికి మించి వంట ఉందంటే ఆవిడ గుండిగలు వెళ్ళాల్సిందే. మూడు పెద్ద ఇత్తడి గుండిగలు, రెండు చిన్నవి, మూతలు, గరిటెలు, గంజి వార్చే సిబ్బి. అద్దె లేదు. షరతులు రెండు: చింతపండుతో తోమి ఇవ్వాలి, ఖాళీగా ఇవ్వకూడదు. గుప్పెడు బియ్యమో బెల్లం ముక్కో లోపల వేసి ఇవ్వాలి.

పెట్టె సర్దుతుంటే పొడుగాటి చిట్టా పుస్తకం ఒకటి దొరికింది. 1984 నుంచి ఎవరింటికి ఏం వెళ్ళిందో రాసుకుంది. వస్తువు తిరిగొస్తే టిక్కు పెట్టలేదు. వేలు పసుపులో ముంచి వరస చివర బొట్టు పెట్టింది. నలభై ఏళ్ళ పుస్తకంలో పదకొండు వరసలకి బొట్టు లేదు.

చిక్కేమిటంటే అత్త మనుషుల పేర్లు రాయదు. గుర్తులు రాస్తుంది. కొన్ని ఇక్కడ పెడుతున్నాను, ఎవరికైనా తెలుస్తాయేమో:

"మూత 1 (పెద్దది), సూరత్ నుంచొచ్చినోళ్ళు"
"స్టీలు గ్లాసు 1, రైలుగేటు ఇల్లు"
"చిన్న గుండిగ, తుఫాను, రోడ్డు మీద"
"క్యారేజీ 1, గంటస్తంభం కుర్రాడు"
"తపేలా 1, నడిచెళ్ళినోళ్ళు, రానక్కర్నేదు"
"మా ఇల్లు, గుండిగ 2, సిబ్బి 1"

చివరిది పుస్తకంలో మొట్టమొదటి వరస. సొంత ఇంటికి సొంత గుండిగ అప్పు రాసుకోవడమేమిటో నాకు అర్థం కాలేదు.

వస్తువులు వెనక్కి అడగడానికి కాదండీ ఇది. (మా వదిన, అంటే అత్త కూతురు, అడగడానికే అంటోంది. ఆ గొడవ వేరే.)

జీడిపిక్క | ఆదివారం, రాత్రి 9:50

అయ్యో, గుండిగల అత్త పోయిందా? మాకు కబురే లేదు.

పలాసలో జీడి పిక్కలు కొట్టే చోట మా అమ్మ పక్కన కూర్చునేది ఆవిడ. చాలా ఏళ్ళు. పొద్దున బస్సుకి వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్ళేవారు. జీడి రసం సంగతి తెలుసు కదా, చర్మం తినేస్తుంది. ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని కొట్టేవారు. అయినా వేళ్ళ కొసలు నల్లబడి, పొర లేచిపోయి, గాజుపెంకులా నున్నగా అయిపోయేవి. అన్నం కలుపుకుంటే మంట అని మా అమ్మ చెంచాతో తినేది. అత్త మాత్రం చేత్తోనే తినేది, "నా సెయ్యి నాకు బయమా" అని.

ఒక పని చెయ్యి తమ్ముడూ. ఆ పసుపు బొట్లలో వేలి గీతలు ఉన్నాయేమో చూడు.

మహేంద్రతనయ | ఆదివారం, రాత్రి 10:05

చూశాను అక్కా. ఒక్కదాన్లో కూడా గీత లేదు. వందల బొట్లు, అన్నీ పసుపు పూసిన చింతపిక్కల్లా నున్నగా ఉన్నాయి.

ఇప్పుడు గుర్తొస్తోంది. పింఛను ఇచ్చే మిషన్ మీద వేలు పెడితే ఎప్పుడూ ఎర్ర లైటే. పది వేళ్ళూ మార్చి మార్చి పెట్టించేవారు. అత్త ఆ పిల్లతో, "పదేళ్ళూ అరిగిపోనాయి, ఇంక కాలేళ్ళు ఒట్టుకో" అనేది. చివరికి కంటిపాప చూసే మిషన్ వచ్చాకే పని తేలింది.

బీల గట్టు | సోమవారం, ఉదయం 6:31

మాది సోంపేట. మీ పుస్తకంలో 2010 పేజీ తియ్యండి. మావి కనీసం ఐదారు వరసలుంటాయి. థర్మల్ ప్లాంటు వద్దని మా వాళ్ళు రిలే దీక్షలు చేస్తున్న రోజులు. బీల అంటే మా చిత్తడినేల. ఆ నీళ్ళే మాకు పంట, చేప, గడ్డి అన్నీ. శిబిరానికి ఆటోలో రెండు గుండిగలు వేసుకుని ఈవిడ దిగింది. మాలో ఒకాయన, "నిరాహార దీక్షకి గుండిగలెందుకమ్మా?" అన్నాడు. "దీచ్చ సేసేది పదిమంది. సుట్టూ కూకుని సూసేది మూడొందలమంది. ఆళ్ళ కడుపులు కూడా దీచ్చ సేస్తాయేటి?" అంది.

జులై 14న కాల్పులు జరిగినరోజు గుండిగలు అక్కడే ఉండిపోయాయి. నాలుగు రోజుల తర్వాత మేమే తోమి పంపాం. ఒకదానికి సొట్ట ఉంటుంది చూడండి. అది మాదే. క్షమించండి.

మహేంద్రతనయ | సోమవారం, ఉదయం 7:10

ఉంది సార్, సొట్ట. 2010లో ఆరు వరసలు, ఆరింటికీ బొట్లున్నాయి. ఒకదాని పక్కన "సొట్ట, పరవానేదు" అని కూడా రాసుంది.

కొబ్బరాకు | సోమవారం, మధ్యాహ్నం 1:22

తుఫాను, రోడ్డు మీద. అది ఫైలిన్ అయ్యుంటుంది. మా నాన్నగారు చెప్పేవారు.

మందస రోడ్డు | సోమవారం, మధ్యాహ్నం 1:40

కాదు. ఫైలిన్ 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. తిత్లీ 2018 అక్టోబరు 11. దసరాల్లో ఆకాశం మబ్బేస్తే మాకు ఇప్పటికీ అన్నం సయించదు. ఇది తిత్లీయే, నేను అక్కడున్నాను కాబట్టి చెబుతున్నా.

తెల్లారకుండానే గాలి. వెలుగొచ్చి చూస్తే కొబ్బరితోట లేదు, ఆకాశమే ఉంది. జీడిచెట్లు వేళ్ళతో లేచి పడున్నాయి. కరెంటు లేదు కాబట్టి మోటార్లు లేవు, మోటార్లు లేవు కాబట్టి నీళ్ళు లేవు. రాలిన బోండాల నీళ్ళే తాగాం. అందరిళ్ళలో కట్టెలు తడిసి ముద్దయ్యాయి. గుండిగల అత్త అటక మీద ఎప్పటివో ఎండు కొబ్బరి డొక్కలు బస్తాలకొద్దీ దాచింది. "ఎందుకే ఈ చెత్త" అని అంతకుముందు ఏడాదంతా కోడళ్ళు నవ్వారు. వాటితోనే పొయ్యి రాజేసింది. మా ఊరికి వచ్చే రోడ్డుకి అడ్డంగా చెట్లు పడి ఉంటే, చెట్లు కొట్టే కుర్రాళ్ళ దగ్గరికే పొయ్యి తీసుకొచ్చి రోడ్డు మధ్యలో పెట్టింది. బియ్యం, పెసరపప్పు, ఉప్పు. అంతే. నూనె కూడా లేదు. రోడ్డు ఎంత తెరుచుకుంటే పొయ్యి అంత ముందుకి జరిగేది. మూడోరోజుకి గుండిగ పక్కూరు చేరింది. ఆ ఊళ్ళో వాళ్ళు తిని, వాళ్ళు ఇంకో ఊరికి పంపారు. అక్కడితో దాని ఆచూకీ పోయింది. ఒడిశా దాకా వెళ్ళి ఉంటుందని మేం నవ్వుకునేవాళ్ళం.

ఇంకోటి. రైలుగేటు ఇల్లు మాదే.

ఆ గ్లాసు సంగతి రాత్రికి రాస్తాను. ఇప్పుడు ఆఫీసులో ఉన్నాను.

గంటస్తంభం | సోమవారం, సాయంత్రం 5:15

నమస్కారం. గంటస్తంభం కుర్రాణ్ణి నేనే. విజయనగరం మాది. తిత్లీ అప్పుడు కాలేజీ నుంచి బియ్యం, దుప్పట్లు పట్టుకుని వచ్చాం. ఏ ఊరు బాబూ అంటే విజయనగరం అన్నాను. విజయనగరంలో ఎక్కడ అంటే గంటస్తంభం దగ్గర అన్నాను. అప్పట్నుంచి అదే నా పేరు.

నిజం చెప్పాలంటే మేం సాయానికి వెళ్ళి ఆవిడ చేతి వంట తిని వచ్చాం. తిరిగి వెళ్ళేటప్పుడు క్యారేజీ కట్టి ఇచ్చింది. "అమ్మవారి సిరిమాను దగ్గిరికొచ్చింది కదా, పండక్కి ఇంటి కాడ ఉండకుండా మా కోసం ఒచ్చినారు" అంది. తన ఇంటి కప్పు లేచిపోయిన మనిషి నా పండగ గురించి ఆలోచిస్తోంది. నాకేం మాట్లాడాలో తెలీలేదు.

మూడు గిన్నెల క్యారేజీ. ఆరేళ్ళుగా మా అమ్మ వాడుతోంది. పైడితల్లి అమ్మవారి గుడికి పులిహోర అందులోనే వెళ్తుంది. చిరునామా చెప్పండి.

ఊరికే చదివేవాణ్ణి | సోమవారం, సాయంత్రం 6:02

అందరూ పొగుడుతున్నారు బాగానే ఉంది. మా పెదనాన్న పెళ్ళికి గరిటె ఒకటి తక్కువొచ్చిందని ఈ అత్త మా ఇంటి గుమ్మంలో నిలబడి అరిచిన అరుపు నాకు గుర్తుంది. పెళ్ళికూతురు లోపల ఏడ్చింది.

మహేంద్రతనయ | సోమవారం, సాయంత్రం 6:20

అది నిజమే అయ్యుంటుంది అన్నా. అత్త నోరు మంచిది కాదు. డబ్బు ఇస్తే మర్చిపోయేది, గరిటె ఇస్తే మర్చిపోయేది కాదు. నా పెళ్ళి రోజు కూడా నాకు అక్షింతలకన్నా ముందు "మూతలు లెక్కెట్టినావా?" అని వినిపించింది.

దిగువ వీధి | సోమవారం, రాత్రి 8:44

నేను రాయాలా వద్దా అని నిన్నట్నుంచి చూస్తున్నాను.

మా వీధికి ఊళ్ళో ఎవరూ వంట సామాను ఇచ్చేవారు కాదు. ఎందుకో విడమరచి చెప్పనక్కర్లేదు. మట్టికుండల్లో, కిరసనాయిలు డబ్బాలు కోసి చేసిన వాటిల్లో వండుకునేవాళ్ళం. మా అక్క పెళ్ళికి మా అయ్య గుండిగల అత్త ఇంటికి వెళ్ళి, వీధిలోనే నిలబడి అడిగాడు. ఎప్పుడు కావాలి అని ఒకే ప్రశ్న. పెళ్ళిరోజు పొద్దున్నే అటో కుర్రాడు ఇటో కుర్రాడు గుండిగని కర్రకి కట్టి మోస్తుంటే వెనకాల తనే వచ్చింది. మా వీధిలో కూర్చుని గుమ్మడికాయ తరిగింది.

తర్వాత ఏం జరిగిందో చెప్తాను. గుండిగ మా వీధికి వెళ్ళొచ్చిందని పై వీధుల వాళ్ళు ముట్టుకోవడం మానేశారు. పెళ్ళిళ్ళకి పలాస నుంచి అద్దెకి తెచ్చుకున్నారు. ఎన్నాళ్ళో నాకు లెక్క తెలీదు. అది 1991. పుస్తకం మీ దగ్గరుంది కదా, చూడండి.

మహేంద్రతనయ | సోమవారం, రాత్రి 9:03

చూశాను.

1990లో ముప్పై ఎనిమిది వరసలు. 1991లో నాలుగు. నాలుగూ "దిగువ వీధి" అనే ఉన్నాయి. 1992లో పదిహేడు. మాకెవరికీ ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

జీడిపిక్క | సోమవారం, రాత్రి 9:15

1992లో ఎలా పెరిగాయో మా అమ్మని అడిగాను. సారా గొడవంట. నెల్లూరు వైపు ఆడవాళ్ళు మొదలుపెట్టింది ఇక్కడిదాకా పాకింది కదా. దుకాణం ముందు అన్ని వీధుల ఆడవాళ్ళూ కలిసి కూర్చున్నారట. అత్త గుండిగ మూతలు తెచ్చి పంచింది, వాయించడానికి. ఒకే చోట కూర్చుని ఒకే మూత వాయించాక ఇంక అంటు ఏముంటుంది అంటోంది అమ్మ. తర్వాతి ఏడాది అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. మూతల మీద సొట్టలు అప్పటివేనట, బీల గట్టు గారు మరీ బాధపడక్కర్లేదు.

మందస రోడ్డు | సోమవారం, రాత్రి 11:30

గ్లాసు.

మా నాన్నకి కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఇది కొత్త మాట కాదు, ప్రతి వీధిలో ఒకరుంటారు. మొదట్లో విశాఖ వెళ్ళేవాళ్ళం, తర్వాత పలాసలోనే డయాలసిస్ మొదలైంది. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ మీద. అది భరించొచ్చు. నాన్న భరించలేకపోయింది దాహాన్ని. రోజంతా కలిపి లీటరు లోపే తాగాలన్నారు. ఎండాకాలం, కొబ్బరితోటలో బతికిన మనిషి. అమ్మ దగ్గర గొడవపడి చెంబుడు తాగేసేవాడు, రాత్రికి కాళ్ళు వాచి ఆయాసం.

అత్త వచ్చింది ఒకరోజు. అరలీటరు సీసా మీద మేకుతో ఐదు గీతలు గీసింది. ఒక చిన్న స్టీలు గ్లాసు, పిల్లలకి ఉగ్గు పట్టేంతది, నాన్న చేతిలో పెట్టింది. ఒక గ్లాసు ఒక గీత. "నువ్వు నీళ్ళు తాగుతున్నట్టు అనుకోకు బావూ. తీర్తం పుచ్చుకుంటున్నట్టు అనుకో" అంది. తర్వాత తను కూడా రోజూ మధ్యాహ్నం వచ్చి, నాన్న ఎదురుగా, అదే సైజు ఇంకో గ్లాసుతో అన్నే గుటకలు తాగేది. ఇంటికెళ్ళి తాగేదేమో నాకు తెలీదు. మా ముందు మాత్రం తాగలేదు.

నాన్న రెండేళ్ళు ఆ గ్లాసుతో బతికాడు. అది ఇవ్వలేను. ఏమనుకోవద్దు.

వేదిక నిర్వాహకుడు | మంగళవారం, ఉదయం 8:00

ఈ చర్చని "సహాయం కావాలి" నుంచి "మన ఊరు" విభాగంలోకి మారుస్తున్నాను. ఊళ్ళ పేర్లు సరే, ఇళ్ళ చిరునామాలు మాత్రం బయట పెట్టకండి. సందేశాల్లో పంపుకోండి.

కొబ్బరాకు | మంగళవారం, ఉదయం 10:18

"నడిచెళ్ళినోళ్ళు" ఎవరో ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసి 2020 లాక్‌డౌన్. హైవే మీద ఒడిశా వాళ్ళు పిల్లాపాపల్తో ఇచ్ఛాపురం వైపు నడిచిపోయేవారు. అత్త చోడి (రాగి) అంబలి కాచి రోడ్డు పక్కన పెట్టేది. మన వైపు అందరికీ ఎంతోకొంత ఒడియా వస్తుంది, ఈవిడది మరీ గట్టిగా ఉండేది. ఒకామె చంటిపిల్లతో ఉంది, అంబలి పోసుకెళ్ళడానికి గిన్నె లేదు. తపేలాయే ఇచ్చేసింది. "రానక్కర్నేదు" అని రాసిందంటే, ఆ పుస్తకంలో అలా రాసిన వరస అదొక్కటే అయ్యుంటుంది.

మహేంద్రతనయ | మంగళవారం, ఉదయం 10:40

అదొక్కటే.

పెద్దమ్మాయి | మంగళవారం, రాత్రి 10:55

నేను ఆవిడ కూతుర్ని. ఈ చర్చ మా అబ్బాయి చూపించాడు. ఏమీ రాయకూడదనుకున్నాను. దిగువ వీధి తమ్ముడు రాసింది చదివాక ఊరుకోలేకపోయాను.

అందరికీ అత్త. నాకు అమ్మ ఎప్పుడు ఇంట్లో ఉండేది? 1990లో నా పదో తరగతి లెక్కల పరీక్షనాడు ఎవరింట్లోనో పెళ్ళి. రాత్రే వెళ్ళిపోయింది. పొద్దున నేనే చద్దన్నం పెట్టుకుని, నేనే జడ వేసుకుని వెళ్ళాను. లెక్కల్లో తప్పాను. దానికి అమ్మే కారణమని అనను, నాకు లెక్కలు రావు. కానీ ఆ జడ గుర్తుంది.

మొదటి వరస అడిగావు కదా బావూ. అది ఎవరూ చెప్పలేరు, తెలిసినవాళ్ళలో నేనే మిగిలాను. అవి మన గుండిగలు కావు.

నాన్న ఖర్గపూర్ రైల్వే వర్క్‌షాపులో చేసేవాడు. 1984లో పోయాడు. నాకు పదేళ్ళు. పెద్దదినానికి వంట సామాను కోసం పెద్దింటికి మనుషుల్ని పంపితే, అయ్యగారు నిద్రలేవలేదన్నారు. మళ్ళీ పంపితే స్నానంలో ఉన్నారన్నారు. అమ్మే వెళ్ళింది. మొగుడు పోయి పదకొండు రోజులైన మనిషి గుమ్మం దాటకూడదని మేనత్తలు అరుస్తున్నా వెళ్ళింది. నా చెయ్యి పట్టుకుని వెళ్ళింది. ఎదురొస్తే అశుభమని వీధి గుమ్మంలోంచి రానివ్వలేదు. దొడ్డివైపు ఎండలో నిలబడ్డాం. రెండు గుండిగలు, ఒక సిబ్బి. వచ్చిన చుట్టాలు సాయంత్రం నాలుగింటికి తిన్నారు.

నాన్న డబ్బు వచ్చాక అందరూ అరెకరం కొనమన్నారు. నన్ను శ్రీకాకుళం హాస్టల్లో వేసి చదివించాలని నాన్న కోరిక. అమ్మ బుడితి వెళ్ళి కంచరోళ్ళ చేత మూడు గుండిగలు పోయించింది. నా హాస్టలు ఆ గుండిగల్లో ఉంది. పదిహేడేళ్ళకి పెళ్ళి చేసింది. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు, ఇక్కడ మీరంతా ఏం రాసినా పోదు.

ఖాళీగా ఇవ్వకూడదన్న షరతు ఎందుకో కూడా చెప్తాను. అందరూ శాస్త్రమనుకున్నారు. ఆ గుప్పెడు గుప్పెడు బియ్యంతోనే ఆషాఢం, శ్రావణం మా పొయ్యి వెలిగేది. ఒక్కో సంచిలో నాలుగైదు రకాల బియ్యం కలిసిపోయి, ఒకటి ఉడికేది, ఒకటి పలుకుగా ఉండేది. 1991లో అవి కూడా రాలేదు. ఆ ఏడాది చోడి అంబలే తాగాం. ఎందుకో మాకు చెప్పలేదు. నేను పెళ్ళయి వెళ్ళిన ఏడాది అదే. అమ్మ ఖర్చు తప్పించుకోవడానికి నన్ను పంపేసిందనుకున్నాను.

పసుపు గురించి ఎవరూ అడగలేదు. నాన్న పోయాక ఒంటికి పసుపు రాసుకోకూడదన్నారు. పెళ్ళి పందిట్లోకి రాకూడదన్నారు. రాలేదు. వెనకాల పొయ్యి దగ్గరే ఉండేది.

అంతే. గ్లాసు ఉంచుకోండి. క్యారేజీ కూడా ఉంచుకోండి, అమ్మవారికి వెళ్తోంది కదా. మూత మాత్రం కావాలి. మూత లేకపోతే పెద్ద గుండిగ ఎవరూ తీసుకెళ్ళరు. వచ్చే ఆదివారం దిగువ వీధిలో ఒక పెళ్ళుంది, అడిగారు, ఇస్తానన్నాను.

సూరత్ మిల్లు | బుధవారం, రాత్రి 12:40

వదినా, మూత మా ఇంట్లో ఉంది. 2001లో మా చెల్లి ఓణీల ఫంక్షన్‌కి తెచ్చాం. ఆ వారమే మళ్ళీ సూరత్ బండి ఎక్కేశాం, ఇవ్వడం మర్చిపోయాం. తర్వాత ఇవ్వడానికి మొహం చెల్లలేదు. అత్త ఎదురైనప్పుడల్లా మా అమ్మ సందు మారిపోయేది. ఇన్నేళ్ళూ మా పెరట్లో నీళ్ళ తొట్టి మీద ఉంది. నల్లగా అయిపోయింది.

అమ్మకి ఫోన్ చేశాను. ఈ రాత్రప్పుడు లేచి చింతపండు నానబెట్టింది. శనివారానికి మా తమ్ముడు తెచ్చి ఇస్తాడు.

పెద్దమ్మాయి | బుధవారం, ఉదయం 5:50

ఖాళీగా పంపకండి.